సైకిలు దిగుట

(పఠనము: లూకా 10:30–37, యోహాను 4:5–9)



పనిలేకయే, కేవలము వినోదమునకై, పల్లెల వెంట సైకిలు తొక్కుకొనుచు తిరుగుట తగునా అను ప్రశ్నను ఈ మాసము మీ ముందుంచుచున్నాను. మన తాతలకు ఈ ప్రశ్న పుట్టియుండదు. వారికి సైకిలు ఒక పనిముట్టు. పాలక్యాను, మేతమోపు, బట్టల మూట, పల్లె సంఘముల ఉపదేశకుని సంచి, అన్నియు దానిమీదనే ప్రయాణము చేసెను. "ఊరకనే నలువది మైళ్లు తొక్కి వచ్చితిని" అని ఎవడైనను చెప్పినయెడల, జ్వరము తగిలినదేమోయని వాని నుదుట చేయి పెట్టి చూచియుందురు.

ఇప్పుడట్లు కాదు. ప్యాపిలి మీదుగా పోవు 44వ జాతీయ రహదారిలో తలకు శిరస్త్రాణము, సీసాలో నీళ్లు, సన్నని చక్రముల సైకిలు గలవారు అప్పుడప్పుడు కనబడుచుందురు. హైదరాబాదు, బెంగుళూరు వంటి పట్టణములలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించు ప్రయాణములు జరుగుచున్నవి. ఇది పందెము కాదు; ఎవడు ముందు వచ్చెనో లెక్కింపరు. గడువులోగా వచ్చినవారందరును సమానులే. నాకును ఈ పిచ్చి కొంత కలదు. కాబట్టి ఈ ప్రశ్న ఇతరులను గూర్చి వేయుచున్నది కాదు.

ఈ అలవాటు బాగుగా పండిన దేశము ఫ్రాన్సు. అక్కడ 1853లో జన్మించిన పాల్ ద వివి అనునాయన పట్టు వ్యాపారము విడిచి సైకిళ్ల పనిలో దిగెను. సెంత్ ఎతియెన్ అను గనుల పట్టణములో కాపురముండి, 1887లో సైకిలు ప్రయాణికులకై ఒక పత్రిక స్థాపించి, వెలోసియో అను పేరుతో వ్రాసెను. ఆకలి పుట్టకమునుపే తినవలెననియు, దప్పి పుట్టకమునుపే త్రాగవలెననియు, బడాయికొరకు ఎన్నడును తొక్కరాదనియు ఆయన బోధించెను. ఈ మూడవది మన సంఘములలోని పనివారికిని పనికివచ్చును.

ఆయన ముఖ్యముగా పోరాడినది గేర్ల కొరకు. ఒక్క గేరు గల సైకిలు మీద కొండ ఎక్కువాడు సగము దారిలో దిగి నడువవలసినదే. గేర్లున్నచో కూర్చుండియే ఎక్కవచ్చును. అయితే 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును ప్రారంభించిన ఆన్రి దెగ్రాంజ్ దీనికి ఒప్పుకొనలేదు. కండబలముతో గెలువవలెను గాని యంత్రపు ఉపాయముతో కాదని ఆయన పట్టు. ఆ పందెములో గొలుసును ఒక చక్రమునుండి మరియొక చక్రమునకు మార్చు గేర్లను 1937లో గాని అనుమతింపలేదు. ఇద్దరును గౌరవింపదగినవారే, నేను మాత్రము వెలోసియో పక్షము. విచిత్రమేమనగా, దిగకుండ కొండలెక్కుట నేర్పిన ఆ పెద్దమనిషి 1930లో సైకిలు దిగి, దానిని నడిపించుకొనుచు వీధి దాటుచుండగా ట్రాము తగిలి మరణించెను.

ఆ దేశపు పల్లెదారులలో తిరుగువారు ఎన్నుకొను మార్గములలో కాలువగట్లు ముఖ్యమైనవి. 1681లో ముగిసిన మిదీ కాలువ తూలూజ్ పట్టణమునుండి మధ్యధరా తీరపు సరస్సు వరకు సుమారు 240 కిలోమీటర్లు పోవుచున్నది. పూర్వము గుఱ్ఱములు గట్టుమీద నడచుచు పడవలను లాగెడివి. నేడు ఆ గట్లమీద సైకిళ్లు పోవుచున్నవి. మన కర్నూలు–కడప కాలువలోను ఒకప్పుడు పడవలు నడచెను గాని, దాని గట్లు ఇంకను ఎడ్లకును రైతులకునే. అక్కడి ప్రయాణికులకు మరియొక గుట్టు తెలియును. దుకాణములు మూసిన వేళ దప్పి కలిగినయెడల ఊరి సమాధుల తోటకు పోవుదురు. పువ్వులకు నీళ్లు పోయుటకు అక్కడ ఒక కొళాయి యుండును. సీసా నింపుకొని పోవచ్చును. నీవెవరని అడుగువారు ఉండరు.

ఈ చివరి మాట నా మనస్సులో చాల దినములు నిలిచెను. ఎందుకనగా మన ప్రాంతములో ఎవరును అడుగకుండ నీళ్లు దొరుకవు.

ప్యాపిలి చుట్టుపట్ల దారులు ఎర్రమల కొండలలో ఎక్కుచు దిగుచు పోవును. తూర్పునకు దిగినయెడల అవుకు చెరువు, బనగానపల్లె, ఆవల కుందూ నది లోయలోని నల్లరేగడి నేలలు. పడమటికి పోయినయెడల తుగ్గలి, జొన్నగిరి చేలు. అక్కడ తొలకరి వాన పడగానే వజ్రములు దొరుకునేమోయని జనులు వంగి నేల వెదకుదురు. దక్షిణముగా గుత్తి చేరి పత్తికొండ దారి పట్టినయెడల ఎర్రగుడి బండలమీద అశోకుని శాసనములు కలవు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. దారుల ప్రక్కన మనుష్యులకును పశువులకును పనికివచ్చునట్లు బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని ఆ రాజు వాటిలో చెప్పుకొనెను. బాటసారికి నీళ్లు ఎవరు బాకీయున్నారు అను ప్రశ్న ఈ నేలమీద అంత పాతది.

ఎండలు ముదురకమునుపు ఒక దినమున ఉదయముననే బయలుదేరితిని. ఆకాశము నిర్మలముగా నుండుట చూచి సంతోషించితిని. సైకిలు ప్రయాణికుడు ఎల్లప్పుడును వానలేని దినమునే కోరుకొనును. దారి ప్రక్క చేలలోనివాడు మబ్బుకొరకు చూచుచుండగా, వాని చేను అందముగా నున్నదని చూచుచు పోవు నేను ఎండకొరకు ఆశించుచుంటిని. ధాత కరువునుండి, అనగా 1876–78 నాటి కరువునుండి, ఎన్ని కరువులు ఈ సీమను ఖాళీ చేసెనో మన పెద్దలు చెప్పగా వింటిమి. ఒకని దిగులు మరియొకనికి చక్కని దృశ్యమగుట నేరమని చెప్పను. అయితే ఆ ఉదయమున ఆ సంగతి నాకు తోచనైనను తోచలేదు.

పెద్ద ఎక్కుడు ఎక్కి దిగుడు పట్టితిని. సైకిలు తొక్కువారికి తెలియును, ఆ దిగుడు ఊరక వచ్చినది కాదు. అరగంట చెమటోడ్చి సంపాదించిన ధనమది. బ్రేకు పట్టినయెడల ఆ ధనమంతయు నేలపాలగును. ఆ వేగములో పోవుచుండగా, ప్రక్కన ఒకడు నిలిచియుండెను. పాత సైకిలు, వెనుక వేరుసెనగ మేతమోపు, వెనుకచక్రము చదునుగా నేలకంటుకొని యుండెను. చేయి ఎత్తి, "ఓ అన్నా, రోంత ఆగన్నా!" అని కేకవేసెను. నా సంచిలో గాలిపంపు, అతుకుల సామాను ఉండెను. నేను ఆగలేదు. ఎవరైనను వత్తురులే అనుకొంటిని. నిజము చెప్పవలెనన్న, అనుకొనుటకు కూడ వ్యవధి లేదు. చేతులు బ్రేకుమీదికి పోలేదు, అంతే.

క్రింది ఊరిలో మొదటి ఇంటి అరుగుమీద ఒక ముసలమ్మ కూర్చుండియుండెను. నీళ్లు అడిగితిని. "యా వూరు నాయనా? ఎవరోల్లు?" అని అడిగెను. ఈ రెండవ ప్రశ్న ఏమి అడుగుచున్నదో మన చదువరులకు విప్పి చెప్పనక్కరలేదు. మనలో అనేకుల తాతలు ఇట్టి అరుగుల ముందు దోసిలి పట్టి, పైనుండి పోసిన నీళ్లు త్రాగినవారే. 1950లో రాజ్యాంగము ఆ ఆచారమును రద్దు చేసినను, ఆ ప్రశ్న రద్దు కాలేదు. సమాధుల తోటలోని కొళాయి ఎంత సుఖమో ఆ క్షణమున నాకు తెలిసెను. అడుగువారు లేరు, చెప్పనక్కరలేదు, కృతజ్ఞతయు అక్కరలేదు. సమరయ ఊరి బావియొద్ద అలసి కూర్చుండి ప్రభువు నీళ్లు అడిగినప్పుడు, ఆ స్త్రీ మొదట ఎత్తినది ఈ కులము మాటయే గదా. ఆయన దారిన పోయి ఇంకొక బావి వెదకికొనలేదు.

నేను మా ఊరును, మావారిని చెప్పితిని. ఆమె లోపలికి పోయి చెంబు తెచ్చి నా చేతికే ఇచ్చెను. ఆమె మనస్సులో ఏమున్నదో నేను చెప్పలేను, చెంబు మాత్రము చేతికి ఇచ్చెను. నేను త్రాగుచుండగా, "పైన దావలో మా పిల్లోడు మేత ఏసుకోని వస్తాండె. కనపడినాడా నాయనా? ఇంత పొద్దాయె" అనెను.

"కనపడినాడమ్మా, వస్తాండాడు" అంటిని.

ఇది అబద్ధమా? మాట మాటగా చూచిన, కాదు. వాడు కనబడెను, వచ్చుచునే యుండెను. దావలో చెడిపోయి నిలిచెనని చెప్పలేదు, ఎందుకనగా "మరి నీవు ఆగలేదా?" అను ప్రశ్న దాని వెంటనే వచ్చును. ఆ చెంబుడు నీళ్లు మ్రింగుట కష్టమాయెను.

మంచి సమరయుని ఉపమానము గూర్చి ఎన్నో ప్రసంగములు వింటిమి. యాజకుని, లేవీయుని మనము తీర్పు తీర్చుచుందుము. నాకు ఆ దినమునుండి వేరొక సంగతి కనబడుచున్నది. యెరూషలేమునుండి యెరికో పోవు దారియు దిగుడే. సమరయుడు వాహనముమీద వచ్చెను, పూటకూళ్ల ఇంటికి మాత్రము గాయపడినవానిని ఎక్కించి తీసికొనిపోయెను. అనగా ఎక్కడనో తాను దిగెను, మిగిలిన దారి బహుశః నడచెను. వాని పనికి ఆలస్యమైయుండును. నూనె, ద్రాక్షారసము, డబ్బు ఖర్చు అని మనము లెక్కించుదుము గాని, వాని వేగమును లెక్కించము. యాజకుడును దుర్మార్గుడై యుండనక్కరలేదు. సాగిపోవుచున్నవాడు సాగిపోయెను.

కాబట్టి వినోదమునకు తిరుగుట తగునా అనినయెడల, తగుననియే నా అభిప్రాయము. నడచువాడు చూచినంత నిదానముగాను, బస్సులోనివాడు పోవునంత దూరమును పోగలిగినవాడు సైకిలువాడే. అయితే వాడు పల్లెవారి దారిమీద పోవుచున్నాడు, వారి నీళ్లు త్రాగుచున్నాడు. గడువు, వేగము, సగటు అని వాడు పెట్టుకొన్న లెక్కలు వాడు పెట్టుకొన్నవే. దారిలో నిలిచినవాడు వాటికి ఒప్పుకొని సంతకము పెట్టలేదు.

చెంబు ఇచ్చివేసి వెనుకకు తిరిగితిని. దిగుడు ఇప్పుడు ఎక్కుడాయెను. గేర్లున్నను కాళ్లు ఆడలేదు. దిగి, సైకిలు నెట్టుకొనుచు పోతిని. రెండవ మలుపులో వాడు ఎదురాయెను. మోపు విప్పకుండనే బండిని నడిపించుకొనుచు, చొక్కా తడిసి వచ్చుచుండెను. ఇద్దరమును మోపు దించి, చక్రము విప్పి, వేపచెట్టు క్రింద అతుకు వేసితిమి. ముల్లు ఇంకను టైరులోనే యుండెను. క్షమించుమని ఎట్లు అడుగవలెనో వెదకికొనుచు పంపు కొట్టుచుంటిని. వాడు నా సైకిలు వైపు వంగి, చక్రముల నడుమ తేరిపార చూచి, "నువ్వు ఆగకపోతివే, బ్రేకులు పట్టలేదేమో అనుకొంటి అన్నా. కింద మలుపులో యాడన్న పడినావేమో అని బిరబిర వస్తాండా" అనెను.