అంచు సరిచేయడం అనే ధర్మం



హైదరాబాదులోని బాలానగర్‌లో పెరుగుతున్న చిరంజీవికి కొలత గురించి దూరం వెళ్లి నేర్చుకోవలసిన అవసరం లేదు. భారత ప్రభుత్వం 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో, అంతర్జాతీయ కార్మిక సంస్థ సహకారంతో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఆ పేటలోనే ఉంది. యంత్రభాగాలను తయారుచేసే డైలు, అచ్చులు ఎలా రూపొందించాలో అక్కడ బోధిస్తారు. ఆ విద్యకంతటికీ ఆధారం టాలరెన్సు అనే భావన. అంటే ఒక భాగం తన నిర్ణీత కొలత నుంచి ఎంతవరకు తేడాపడినా, పక్క భాగంతో చక్కగా అమరగలదో ముందే నిర్ణయించుకొనే హద్దు. ఉక్కు విషయంలో పాటించే ఈ నియమమే, ఇంట్లో గుడ్డముక్కలు కలిపి దిండు గలీబు కుట్టేవారికీ వర్తిస్తుంది.

తెలుగు ఇళ్లలో పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి బొంత కుట్టిన స్త్రీలు స్కేలు పట్టుకోలేదు కదా అన్న సందేహం సహజమే. అయితే బొంతలో చిరుగు మీద వేసిన అతుకుకు అడుగున నిండుగుడ్డ ఆధారంగా ఉంటుంది; లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు, రంగుముక్కలు కుట్టే పనిలోనూ అడుగుగుడ్డే వాటిని మోస్తుంది కనుక, ఒక ముక్క కాస్త వంకరైనా మరో ముక్కకు ఇబ్బంది కలగదు. బ్లాకులు, అంటే ముందుగా విడివిడిగా కుట్టుకొన్న చదరాలు, ఒకదానికొకటి కలిపి చేసే గలీబు తీరు వేరు. అక్కడ ప్రతి బ్లాకు అంచే పక్క బ్లాకుకు ఆధారం, అందుచేత ఒకదాని కొలత తప్పితే ఆ భారం దాని పొరుగు మీద పడుతుంది.

పదహారు అంగుళాల చదరపు దిండుకు, కుట్టు పూర్తయ్యాక 4 అంగుళాలుగా నిలిచే బ్లాకులు వరుసకు నాలుగు చొప్పున పదహారు కావాలి. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టుకు పోతుంది గనుక, కలపడానికి ముందు ఒక్కొక్కటి 4½ అంగుళాలు ఉండాలి. రెండు రంగుల త్రికోణాలతో బ్లాకు చేయాలంటే, ముందే ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డలో 5 అంగుళాల లేతరంగు చదరాన్ని, అంతే ముదురురంగు చదరాన్ని ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు ఇరువైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత వెంట కత్తిరిస్తారు. ఇలా వచ్చే రెండు బ్లాకులూ సుమారు 4⅝ అంగుళాలు ఉంటాయి. ఆ అధికాన్ని తీసి 4½కు తేవడమే అంచు సరిచేయడం. ఆ పనికి ముందు ఇస్త్రీ చేయాలి, కానీ పెట్టెను లాగకుండా ఎత్తి ఎత్తి అద్దాలి. ఎందుకంటే పడుగుపేకలకు ఏటవాలుగా, దర్జీలు క్రాస్ అనే దిశలో పడిన కోత ఇట్టే సాగుతుంది.

ఇక్కడే నిజమైన పరీక్ష ఉంది. స్కేలు మీది 45 డిగ్రీల గీతను మూలవాటపు కుట్టు మీద నిలిపి, రెండు అంచులు తీసి, బ్లాకును తిప్పి, మిగిలిన రెండు అంచులూ తీయాలి. అధికమంతా ఒకే వైపు కోసేస్తే కొలత కుదిరినా కుట్టు మూలకు చేరదు. ఈ పని విసుగనిపించి, అంగుళంలో పదహారో వంతుతో ఏమవుతుందని వదిలేస్తే, ఒక వరుసలోని నాలుగు బ్లాకులూ ఆ మేరకు పెద్దవైనప్పుడు మొదటి కూడలి దగ్గర పదహారో వంతు, రెండో దగ్గర ఎనిమిదో వంతు, మూడో దగ్గర పదహారింట మూడు వంతులు తేడా వచ్చి, వరుస చివర పావు అంగుళం మిగిలిపోతుంది. దాన్ని సాగదీసి కలిపితే ఆ పూటకు కలిసినట్టు కనిపిస్తుంది గాని, ఉతికాక ముడతలుగా బయటపడుతుంది.

మనిషి నడవడికకూ ఇదే న్యాయం. తన పనిలో మిగిల్చిన చిన్న లోపం తనతోనే ఆగిపోతుందని అనుకోవడం పొరపాటు. ఆ పనిని అందుకొని ముందుకు తీసుకువెళ్లే వ్యక్తి దాన్ని మోయవలసి వస్తుంది. లేత్ మీద పనిచేసే కార్మికుడైనా, హైటెక్ సిటీలో మరొకరి ప్రోగ్రాముకు తన ప్రోగ్రామును జోడించే ఉద్యోగి అయినా, ఇంట్లో దిండు గలీబు కుట్టే పిల్ల అయినా, తన అంచును సరిచేసి ఇవ్వడం పక్కవారి శ్రమ పట్ల చూపే గౌరవం. సరిచేయడానికి వీలుగా మొదట కాస్త ఎక్కువ కత్తిరించుకోవడం కూడా ఇందులో భాగమే, ఎందుకంటే అధికాన్ని తీయవచ్చు గాని, తక్కువైన గుడ్డను తిరిగి తేలేము. పనికి సమయం కేటాయించేటప్పుడూ, మాట ఇచ్చేటప్పుడూ ఈ ఎడం ఉంచుకొన్నవారికి తప్పు దిద్దుకొనే అవకాశం మిగులుతుంది.

పదహారు బ్లాకులు సిద్ధమయ్యాక, పక్కపక్క వరుసల కుట్టుమడతలను ఎదురు దిశల్లో ఇస్త్రీ చేస్తే అవి ఒకదానికొకటి ఆనుకొని, కూడళ్లు జరగకుండా నిలుస్తాయి. వెనుక రెండు గుడ్డలను ఒకదాని అంచు మీదికి మరొకదాని అంచు వచ్చేలా కుడితే జిప్పు లేకుండానే దిండు లోపలికి వెళుతుంది. చిరంజీవి తొలి గలీబులో రంగుల పొందిక కుదరకపోయినా చింత లేదు, అభిరుచి కాలక్రమంలో పండుతుంది. ఒక్క బ్లాకును కూడా కొలవకుండా పక్కదానికి కలపకూడదు, ఏ పనినీ సరిచూడకుండా మరొకరి చేతికి ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమాన్ని చిరంజీవి జీవితాంతం పాటించాలి.

ఇట్లు,
శుభాశీస్సులతో,
ఇంటి పెద్దలు