ముందు ఎందుకు వెళ్ళగొట్టారు?

మా తాతను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. కోత కూలి గింజల్లో కొలత తక్కువొచ్చిందని కళ్ళంలో అందరి ముందూ అడిగాడు. ఆయన చేసిన నేరం అంతే. రచ్చబండ కాడ పంచాయితీ పెట్టి ఏదో కాగితం రాసి వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో చదివి చెప్పినోడు లేడు. ఆర్నెల్లకి, తల్లికి బాగాలేదని కబురొస్తే చీకటి పడ్డాక పల్లెలోకొచ్చాడు. తెల్లారేసరికి పట్టుకుని గుంజకు కట్టేశారు. "పొమ్మన్నాక మళ్ళీ ఎందుకొచ్చావురా?" అనడిగారు. "ముందు నన్నెందుకు ఎల్లగొట్టారో చెప్పండయ్యా" అన్నాడంట తాత. ఆ మాటకి దెబ్బలు ఇంకా ఎక్కువ పడ్డాయి.

నేను చదువుకుని, వీసా మీద అమెరికా వచ్చి, కాలిఫోర్నియాలో ఒక వకీలు ఆఫీసులో కాగితాలు సర్దే పనిలో చేరాను. అక్కడ తాత మాట మళ్ళీ వినపడుద్దని అనుకోలేదు.

2021లో ఒక మెక్సికో మనిషి కేసు వచ్చింది. ఇదివరకోసారి దేశంలోంచి పంపేస్తే, పిల్లలు ఇక్కడే ఉండిపోయారని తిరిగొచ్చాడు. పంపేశాక అనుమతి లేకుండా తిరిగి రావడం ఈ దేశంలో నేరం. మామూలుగా 2 ఏళ్ళ దాకా జైలు. పాత శిక్షలుంటే వాటిని బట్టి 10 ఏళ్ళు, 20 ఏళ్ళ దాకా పోవచ్చు. ఆయనకు శిక్ష పడింది. అప్పీలు నోటీసుకు గడువు 14 రోజులు.

ఆ కాగితాలు జిరాక్సు తీస్తుంటే నాకో సంగతి తెలిసింది. నేరం కేసులో పేదోడికి సర్కారే వకీల్ని ఇస్తది. కానీ మొదట దేశంలోంచి పంపేసే విచారణలో ఆ హక్కు లేదు. అక్కడ ఒంటరిగా నిలబడి, రాని భాషకు తలూపి సంతకం పెట్టిన కాగితమే రేపటి నేరానికి పునాది. ఆ పునాదే తప్పని వాదించాలంటే చట్టం 3 షరతులు పెట్టింది. అప్పట్లోనే పైవాళ్ళకు చెప్పుకుని ఉండాలి. కోర్టుకెళ్ళే దారి మూసేసి ఉండాలి. ఆ విచారణ అన్యాయంగా జరిగి ఉండాలి. మూడూ చూపించాల్సిందేనని 2021లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. వకీలే లేనోడు అప్పీలు సంగతి ఎట్లా ఎరుగుతాడు?

ఈ నేరం 1929లో పుట్టింది. దాన్ని ముందుకు తెచ్చిన సెనేటరు కోల్‌మన్ బ్లీజ్, నల్లవాళ్ళను గుంపులు చంపడాన్ని బాహాటంగా సమర్థించినోడు. 1952లో చట్టాన్ని మళ్ళీ రాశారు. 2021 ఆగస్టులో నెవాడాలో మిరాండా డూ అనే జడ్జి, వియత్నాం నుంచి చిన్నప్పుడు శరణార్థిగా వచ్చినామె, దీని వేళ్ళు జాతిద్వేషంలో ఉన్నాయని, సమానత్వానికి విరుద్ధమని ఒక కేసు కొట్టేసింది. 2023లో పై కోర్టు దాన్ని తిరగ్గొట్టింది. 1952లో చట్టం చేసినోళ్ళు ద్వేషంతోనే చేశారని రుజువు లేదంది. మా కక్షిదారు అప్పీల్లో ఆ వాదనకూ నీళ్ళొదులుకున్నాం. మళ్ళీ రాస్తే మైల పోద్దా? మావోళ్ళని మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోదన్నారే!

"నువ్వు కాగితాలతో వచ్చావు గదా, వాళ్ళ గొడవ నీకెందుకు?" అన్నాడొక తెలుగు స్నేహితుడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజమే, నా చేతిలో కాగితం ఉంది. మా ఊళ్ళో కరణం చేతిలోనూ కాగితమే ఉంది. ఇవాళ నేనూ ఊరివైపు నిలబడ్డానేమోనని భయమేసింది.

గడప వద్దని నేననను. ఇల్లన్నాక గడప ఉంటది. కానీ "మళ్ళీ ఎందుకొచ్చావు?" అని అడిగేవాడు, "ముందు ఎందుకు గెంటావు?" అన్నదానికి జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న అడగనీకుండా వేసే శిక్ష, పేరుకే శిక్ష. గుంజకు కట్టి కొట్టే దెబ్బకీ దానికీ తేడా నాకు కనపడదు.

ఆ మనిషి జైలు పూర్తి చేశాక మళ్ళీ పంపేశారు. పిల్లలు ఇక్కడే ఉన్నారు. మా తాత మాత్రం దెబ్బలు తిన్నాక కూడా తిరిగొచ్చాడు. మా పల్లెలోనే కన్నుమూశాడు.