జామీను

కఫీల్ అనే మాట మా బస్తీల్లోకి గల్ఫ్ వలసలతో వచ్చింది. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని మనిషిని కట్టేసే యజమాని, అదే మాకు తెలిసిన కఫీల్. ఫిఖ్‌లో కఫీల్ అంటే వేరు. ఇంకొకరి బాకీకి తానుంటానని పూచీ పడేవాడు.

అమెరికాలో ఉన్న భర్త భార్యను పిలిపించుకోవాలంటే మామూలుగా పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. చాలకపోతే అతనితోపాటు ఇంకొకరు జామీను పత్రం రాయాలి. చుట్టమే కానక్కర్లేదు. అక్కడ ఉంటున్న పౌరుడైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాడైనా చాలు. 1997 డిసెంబర్ నుంచి ఆ సంతకం కోర్టులో చెల్లే ఒప్పందం. మామూలుగా ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా సుమారు 10 ఏళ్ల పని లెక్కకొచ్చేదాకా అది వదలదు. తలాక్ అయినా వదలదు.

ఇంత బరువు మోసినవాడికి ఆమె మీద హక్కుంటుందా? 'మా సంతకంతోనే వచ్చావు' అని నోరు మూయించొచ్చా? లేదంటాం మేం. మాటిచ్చింది అతను, ఆమె కాదు. జమానత్ భారమే గాని పెత్తనం కాదు. మోయలేననుకుంటే ముందే కాదనాలి, అందులో తప్పు లేదు. సంతకం పెట్టి ఎహ్సాన్ చేశానని దెప్పితే మాత్రం, అతను షికాగోలో ఉన్నా మాకు తెలిసిన ఆ పాత కఫీలే.