భాగమతి కథ – నాయిక సమ్మతి: ఒక నైతిక పరిశీలన

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాకకు సమీపాన గల శాలిబండ ప్రాంతమే ఒకనాటి చిచలం గ్రామమని, భాగమతి అక్కడి నర్తకి అని జనశ్రుతి. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ ఆమె కోసం వరదలో ఉన్న మూసీని గుర్రంపై దాటాడని, కుమారుని క్షేమం కోరి తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ కట్టించాడని, 1591లో వెలసిన నగరానికి ఆమె పేరే పెట్టారని కథ. ఇందులోని చారిత్రకాంశాలపై పండితుల చర్చ చాలాకాలంగా సాగుతున్నది. దానితోపాటు పరిశీలించవలసిన నైతిక ప్రశ్న ఒకటి ఉంది: ప్రేమకథ తాను కీర్తించే యువతికి ఏమి ఋణపడి ఉంటుంది?

ఈ కథలోని ప్రధాన క్రియలన్నిటికీ కర్త పురుషుడే. నది దాటినది యువరాజు. వంతెన కట్టించినది తండ్రి. నగరానికి పేరు పెట్టినది రాజు. ఫెరిష్తా కథనంలో ఆ పేరుకు సిగ్గుపడి మార్చినదీ రాజే. జనశ్రుతిలో ఆమెకు హైదర్ మహల్ అన్న బిరుదిచ్చినదీ రాజే. భాగమతి సమ్మతించిందా, నిరాకరించగల స్థితిలో ఉందా అన్న విచారణ కథలో లేదు. నాయకుని సాహసమే ఆమె సమ్మతికి ప్రమాణంగా చెల్లుబాటవుతున్నది.

హరూన్ ఖాన్ షేర్వానీ ఆమె చారిత్రకతనే అంగీకరించలేదు. వంతెన నిర్మాణమైన 1578 నాటికి యువరాజు పద్నాలుగేళ్లు నిండని బాలుడు. కల్పిత స్త్రీకి అన్యాయం ఎట్లా జరుగుతుందన్న ఆక్షేపణ సహజమే. అయితే కథ కల్పితమైనా, అది నేర్పే విలువను స్వీకరించేది సజీవులైన యువతీయువకులు. పైగా ఆధారాలు లేనిచోట చరిత్ర మౌనం వహించక తప్పదు. కల్పనకు ఆ నిర్బంధం లేదు. కనుక భాగమతి కల్పితయైతే, ఆమె మౌనానికి కథకుల బాధ్యత మరింత పెరుగుతుంది.

ఇందుకు భిన్నమైన మార్గం తెలుగు సాహిత్యంలో తొలినుంచీ ఉంది. నన్నయ శకుంతల గాంధర్వ వివాహానికి ముందే తన కుమారునికి రాజ్యం దక్కాలని నిబంధన విధిస్తుంది. నిండుసభలో దుష్యంతునితో వాదిస్తుంది. కాళిదాసు నాటకంలో శాపం ప్రవేశించి రాజు దోషాన్ని తేలికపరచింది. పెద్దన వరూధిని తన కోరికను తానే వెల్లడిస్తుంది. కాని ప్రవరుని రూపంలో వచ్చిన గంధర్వుడు ఆమె సమ్మతిని వంచనతో పొందుతాడు. కనుక నాయికకు సంభాషణ కల్పించడం మాత్రమే చాలదు. ఆమె మాటకు కథాగతిని నిర్ణయించే శక్తి ఉండాలి.

భాగమతిని గురించిన వివాదం నేటికీ నగరం పేరు చుట్టూనే తిరుగుతున్నది. ఆమె ఉన్నదనేవారికీ లేదనేవారికీ ఆమె ఒక సాక్ష్యం మాత్రమే. ఆమెను సాక్షిగా పిలిచే కథ ఇంకా రావలసి ఉంది.