ఏకాంతమందు అంతర్యామి

మానవుడు పదిమందిలో బ్రతుకుటకు అలవాటుపడినవాడు. ఆలయమునకు పోయినను, పెండ్లికి పోయినను, దుఃఖసమయమందైనను తోడు కోరును. అట్టివానిని వ్యాధిభయము నాలుగు గోడల నడుమ నిలిపినప్పుడు దేహముకంటె ముందుగా మనస్సు క్రుంగును. అప్పుడు భక్తుని హృదయమున ఒక సందేహము ముల్లువలె గ్రుచ్చుకొనును: “ఇంత దిగులు కలుగుట భక్తిలోని లోపమేమో?”

హైదరాబాదు పాతబస్తీలో 1591లో వెలసిన చార్మినారు ఒక మహమ్మారి శాంతించినందులకు గుర్తని జనశ్రుతి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు ఆ కట్టడము చుట్టునున్న వీధులే నిర్మానుష్యములైనవి. ఏప్రిల్ 2న శ్రీరామనవమి నాడు భద్రాచలమందు సీతారామ కల్యాణము భక్తజన సందోహము లేకయే జరిగినది. తెలంగాణ ఆలయములలో జూన్ 8 వరకు సామాన్య భక్తులకు దర్శనము లేకపోయెను. వాకిలి దాటలేని వృద్ధులు, ఆప్తుల కడచూపునకైనను నోచుకొనని గృహస్థులు ఎందరో ఆ దినములను మౌనముగా గడపిరి. వ్యాధి తగ్గినను కొందరి మనస్సులోని ఆ బరువు నేటికిని తీరలేదు.

ఇట్టివారికి ఊరట ఈ నగర చరిత్రయందే కలదు. పాతబస్తీలోని శాలిబండ ప్రాంతమున అక్కన్న మాదన్నల పేర నేటికిని ఒక దేవాలయము కలదు. వారు తానీషా ప్రభువు మంత్రులు. కంచర్ల గోపన్న వారికి మేనల్లుడని ప్రసిద్ధి. భద్రాద్రి రామునకు కోవెల కట్టించిన ఆ గోపన్న గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు ఒంటరిగా గడపెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ మహాభక్తుడు దిగులుపడలేదా? పడెను. చేయించిన ఆభరణములను ఒక్కొక్కటిగా లెక్క చెప్పి రాముని నిలదీసెను, నిందించెను. పిదప బాధకు ఓర్వలేక తిట్టితినని క్షమాపణము వేడెను. అంతమాత్రమున ఆయన భక్తి తరిగినదని ఎవరును అనలేదు. ఆయన తన దుఃఖమును దాచుకొనలేదు, స్వామికే విన్నవించుకొనెను.

భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. శోకించిన అర్జునుడు రథము దిగి పారిపోలేదు. చెంతనున్న సారథికే తన గోడు వినిపించెను. శ్రీకృష్ణుడు మందలించెనే గాని చేయి విడువలేదు. స్వామికి నివేదించిన విషాదము సైతము యోగమగునని ఆ పేరే తెలుపుచున్నది.

దిగులుపడినవారి ధర్మము ఇది. వారి చెంతనున్నవారి ధర్మమును సుందరకాండము బోధించును. అశోకవనమున రాక్షస స్త్రీల నడుమ ఒంటరియైన సీతమ్మ ప్రాణములనే విడువదలచినది. శింశుపావృక్షముపైనున్న హనుమంతుడు ఆమెకు ఉపదేశము చేయలేదు, “ఏడువవలదు” అని ముందుగా అనలేదు. ఏ భాషలో పలికిన ఆ తల్లి భయపడదోయని ఆలోచించి, ఆమెకు ప్రియమైన దశరథ నందనుని కథను మెల్లగా వినిపించెను. పరిచితమైన ఆ మాట విన్న పిమ్మటనే ఆమె తల ఎత్తి చూచినది.

కావున ఒంటరివారి యింటికి పోలేని కాలమందు ప్రతిదినము ఒక వేళకు ఫోను చేసి కుశలమడుగుట, వారి గడపవద్ద ఇంత ప్రసాదము ఉంచుట హనుమత్సేవయే. ఒంటరిగానున్నవారు సైతము వేకువనే లేచి స్నానము, దీపారాధనము, కొంత పారాయణము, వేళకు భోజనము అను క్రమమును తప్పరాదు. ఏమియు చేయ మనసొప్పని నాడు స్వామి యెదుట కూర్చుండి కన్నీరు విడిచినను చాలును. దిగులు వారముల తరబడి తగ్గక, నిద్రాహారములు చెడినచో, బ్రతుకుపై విరక్తి కలిగినచో, తత్క్షణమే ఆప్తులకు చెప్పి వైద్యుని ఆశ్రయింపవలెను. జ్వరమునకు మందు పుచ్చుకొనుట భక్తికి లోపము కానట్లే ఇదియు లోపము కాదు.

2020లో తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవములు ఏకాంతముగా, ఆలయములోపలనే జరిగినవి. మాడవీథులలో జనము లేకున్నను స్వామి స్వామియే, ఉత్సవము ఉత్సవమే. అటులనే తలుపులు మూసిన యింటిలో, ఎవరును పలుకరింపని హృదయములో సైతము అంతర్యామి వేంచేసియే యున్నాడు. ఆయనతో మాటలాడువాడు ఏకాంతమందున్నాడే గాని, ఒంటరి కాడు.