పేరు చెబితే మనసు తెలుస్తుందా?

విమానాశ్రయం గుమ్మం దగ్గర జవాను టికెట్టు చూస్తాడు, కార్డు చూస్తాడు, మన మొహం చూస్తాడు. మూడూ కలిస్తేనే లోపలికి. చదువులకూ ఆటల పోటీలకూ ఉద్యోగాలకూ మన పిల్లలు విమానం ఎక్కుతున్న రోజులివి. అందుకే ఈ తనిఖీ గురించి మనమూ ఆలోచించాలి. ఎక్కే మనిషి ఎవరో తెలిసినంత మాత్రాన విమానం క్షేమంగా దిగుతుందా?

2001 సెప్టెంబర్ 11న అమెరికాలో నాలుగు విమానాలను హైజాక్ చేసిన 19 మందీ సొంత పేర్లతోనే ప్రయాణించారు. వాళ్ల మనసులో ఏముందో ఏ కార్డులోనూ రాసి లేదు. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒక నైజీరియా యువకుడు లోదుస్తుల్లో బాంబు దాచుకుని ఎక్కాడు. పాస్‌పోర్టు అతనిదే, వీసా సరైనదే. కొడుకు తీరు బాగాలేదని తండ్రి ముందే అమెరికా రాయబార కార్యాలయంలో చెప్పి ఉన్నాడు కూడా. పేరు తెలిసీ ఆపలేకపోయారు. బాంబు సరిగా పేలలేదు, తోటి ప్రయాణికులు మీదపడి పట్టుకున్నారు, కాబట్టి జనం బతికారు.

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబున్న సూట్‌కేసును వాంకూవర్‌లో అప్పగించిన మనిషి విమానం ఎక్కనేలేదు. అక్కడ కావలసింది అతని అసలు పేరు కాదు. పెట్టె ఉంది, మనిషి ఏడీ అని ఎవరో ఒకరు లెక్క చూసి ఉండాల్సింది.

2001 తర్వాత పైలట్ గది తలుపులు గట్టివి చేశారు. మా దృష్టిలో కార్డు కంటే ఆ తలుపు, సామాను చూసే ఎక్స్‌రే యంత్రం ఎక్కువ పని చేస్తాయి. అవి నీ పేరు అడగవు, నీ దగ్గర ఏముందో, నువ్వు ఎక్కడిదాకా వెళ్లగలవో చూస్తాయి. తలుపు కూడా అన్నిటికీ మందు కాదనుకోండి. 2015 మార్చిలో జర్మన్‌వింగ్స్ కో-పైలట్ ఆ తలుపే లోపలి నుంచి బిగించి విమానాన్ని కొండకు ఢీకొట్టాడు, 150 మంది పోయారు. ఆ విమానంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి అతనే!

కార్డు దండగ అని మేము అనడం లేదు. పోలీసులు వెతుకుతున్న మనిషి దొరకవచ్చు. ప్రమాదం జరిగితే ఎవరు పోయారో ఇంటికి కబురు చేయవచ్చు. ఒకరి టికెట్టు ఇంకొకరు వాడకుండా కంపెనీలకూ లాభమే. అవన్నీ ఉపయోగాలే. వాటన్నిటినీ భద్రత అనే ఒక్క మాట కింద కలిపేయడమే మాకు నచ్చనిది.

ఎవరివో తెలిస్తే ఏం చేస్తావో తెలిసినట్టే అన్న నమ్మకం మనకు కొత్తది కాదు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. ఎరుకుల కుటుంబాల పేర్లు రిజిస్టరులో ఎక్కాయి. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పిలిచేవారు, బయటికి పోవాలంటే చీటీ కావాలి. పుట్టుకే సాక్ష్యం. చట్టం 1952లో పోయింది, చూపు పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. విమానాశ్రయం సెటిల్‌మెంటు కాదు, అక్కడ అందరినీ ఒకేలా ఆపుతారు. ఆ తేడా పెద్దదే. అయినా జాబితా తయారు చేసే చేతిని చూసి మన పెద్దలు ఎందుకు జంకుతారో టీచర్లు పిల్లలకు చెప్పాలి.

2022 డిసెంబరులో డిజియాత్ర మొదలైంది. ఇప్పుడు మొహమే కార్డు. వరుస త్వరగా కదులుతుంది, నిజమే. యంత్రం చెప్పేది మాత్రం పాత సంగతే: వీడు వీడే.

ఇక మన కార్డుల సంగతి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, బడి సర్టిఫికెట్‌లో వెనక ఉంటుంది, ఓటరు కార్డులో ఉండనే ఉండదు. పుట్టిన రోజు తెలియని వాళ్లందరూ జనవరి 1నే పుట్టారు. కుట్ర చేసేవాడు కాగితాలు ముందే చక్కబెట్టుకుంటాడు. పేరులో తేడా వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయేది ఆస్పత్రికి బయలుదేరిన ముసలమ్మ. ఆమె సంచి ఇంకా ఎక్స్‌రే యంత్రం దాకా వెళ్లనేలేదు.