కొలతకు కొలత యేది?

చదువవలసిన భాగములు: 2 రాజులు 22:8–20; 1 రాజులు 13వ అధ్యాయము; అపొ. కార్యములు 17:10–12, 1 థెస్సలొనీకయులకు 5:19–21.

మన తాతల కాలములో కల్లమునందు ధాన్యమును కుంచముతో కొలిచెడివారు. కొన్నవానికి ఆ కుంచముమీద అనుమానము కలిగినయెడల, అదే కుంచముతో పదిసార్లు కొలిచినను అనుమానము తీరదు. ముద్ర గల కుంచమును తెచ్చి దానితో సరిచూచిననే వివాదము తీరును. దేవుని సంఘములోను ఇట్టి అక్కర కలుగుచున్నది. బోధకుడు ఒకటి చెప్పును. ఒక పుస్తకము మరియొకటి చెప్పును. ప్రభువు నాకు దర్శనమిచ్చెనని ఇంకొకరు చెప్పుదురు. వీటిని దేనితో కొలువవలెను? మన ఆత్మల క్షేమము ఈ ప్రశ్నమీద ఆధారపడి యున్నది గనుక దీనిని తేలికగా విడువరాదు.

ప్రియ చదువరీ, ఈ ప్రశ్నను విశేషముగా ఎదుర్కొనిన యొక సంఘముయొక్క చరిత్రను ఆలోచింతము. సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘమువారిని మనలో అనేకులు ఎరుగుదురు. నూజివీడులోని గిఫర్డు స్మారక వైద్యశాల వారిదే. అమెరికా దేశములో విలియం మిల్లరు బోధను నమ్మినవారు 1844 అక్టోబరు 22వ తేదీని ప్రభువు వచ్చునని కనిపెట్టుకొని యుండిరి. ఆయన రాలేదు. ఆ గొప్ప ఆశాభంగము తరువాత డిసెంబరు నెలలో, మెయిను రాష్ట్రమందలి పోర్ట్‌లాండు పట్టణములో, ఎలెన్ హార్మను అను పదునేడేండ్ల కన్య తనకు దర్శనము కలిగెనని చెప్పెను. 1846లో ఆమె జేమ్సు వైటుగారిని వివాహమాడిరి. 1915లో మరణించువరకు వైట్ అమ్మగారు అనేక గ్రంథములను, లెక్కకు మిక్కిలియైన ఉత్తరములను వ్రాసిరి. 1863లో వ్యవస్థగా ఏర్పడిన ఆ సంఘము ఆమెకు ప్రవచన వరము కలదని నమ్ముచున్నది. బైబిలే తమకు ఏకైక విశ్వాస ప్రమాణమనియు అదే సంఘము చెప్పుచున్నది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడునా అని ఇతరులు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే.

మొదట లేఖనములవైపు చూతము. ప్రవక్తలందరును లేఖనములు వ్రాసినవారు కారు. నాతాను, అగబు, ఫిలిప్పుయొక్క నలుగురు కుమార్తెలు ప్రవచించిరి గాని వారి పేరట మన బైబిలులో గ్రంథము లేదు. హుల్దా అను ప్రవక్త్రి సంగతి మరి విశేషము. యోషీయా రాజు దినములలో దేవాలయమందు ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. రాజు ఆమెయొద్దకు మనుష్యులను పంపెను. ఆమె క్రొత్త ధర్మశాస్త్రమును ఇయ్యలేదు. రాజు చదివించి వినిన ఆ గ్రంథపు మాటలే నెరవేరునని దేవుని పేరట చెప్పెను. కాబట్టి వరమునకును వాక్యమునకును స్వభావసిద్ధమైన వైరము లేదు. ఏది దేనికి లోబడవలెనను సంగతియే మనము తేల్చుకొనవలసినది.

ఈ సంగతి 1888వ సంవత్సరమున పరీక్షకు వచ్చెను. ఆ యేట అడ్వెంటిస్టుల మహాసభ మినియాపొలిస్ పట్టణములో కూడెను. గలతీయుల పత్రికలో పౌలు చెప్పిన ధర్మశాస్త్రము ఏది? బలులకు, ఆచారములకు సంబంధించినదా, లేక పది ఆజ్ఞలా? ఈ విషయమై పెద్దలమధ్య తీవ్రమైన వివాదము పుట్టెను. సభాధ్యక్షుడైన బట్లరుగారు ఒక పక్షమును, యౌవనస్థుడైన వాగ్నరుగారు ఒక పక్షమును పట్టిరి. అనేక సంవత్సరములకు ముందు ఈ వాగ్నరుగారి తండ్రికే వైట్ అమ్మగారు ఈ విషయమై ఒక ఉత్తరము వ్రాసి యుండిరి. ఆ కాగితము దొరికినచో వివాదము ముగియునని బట్లరుగారి పక్షమువారి ఆశ. ఎంత వెదకినను అది దొరకలేదు.

అప్పుడు ఆమె చేసిన పనిని గమనించుడి. జ్ఞాపకమున్నంతవరకు చెప్పి ఒక పక్షమును గెలిపింపవచ్చును. ఆమె అట్లు చేయలేదు. ఆ కాగితము కనబడకపోవుటలో దేవుని ఉద్దేశము కలదనియు, సహోదరులు బైబిలును తెరచి అందులోనే రుజువును వెదకవలెనని దేవుడు కోరుచున్నాడనియు ఆమె సభతో చెప్పిరి. తన మాటను ఆజ్ఞగా ఎంచుటకు సిద్ధముగా నున్న జనులను లేఖనములయొద్దకు త్రిప్పివేయుట సామాన్యమైన పని కాదు.

అది ఒక్కసారి జరిగిన పని కాదు. 1851లో అచ్చైన తన మొదటి చిన్న పుస్తకములోనే ఆమె బైబిలును విశ్వాసమునకును నడవడికిని నియమముగా చదువరులకు అప్పగించిరి. దానియేలు గ్రంథములోని అనుదిన బలినిగూర్చి తరువాత వివాదము లేచి, ఇరుపక్షములవారు ఆమె పుస్తకములను ఆయుధములుగా పట్టుకొనినప్పుడు, తన వ్రాతలతో ఆ వివాదమును తీర్చవద్దని 1910లో వేడుకొనిరి. అంతకు ముందటి యేడు వాషింగ్టనులో జరిగిన మహాసభలో, తన కడవరి ప్రసంగము ముగించి వెళ్లుచు మరల వేదికయొద్దకు వచ్చి, బైబిలును చేతులలో విప్పి పట్టుకొని, దానిని సభవారికి అప్పగించిరి. దీనిని కన్నులార చూచి వ్రాసినవారు స్పైసరుగారు. 1898లో మన దేశమునకు వచ్చి పనిచేసిన ఆయన పేరటనే పూనాలోని విద్యాలయము వెలసినది.

ఇంతవరకు చక్కగానే యున్నది. అయితే నాయకురాలు చూపిన దారి వేరు, వెంబడించువారు నడిచెడి దారి వేరు కావచ్చును. ఆమె మరణించిన తరువాత, ఆమె వ్రాతలను ఎట్లు వాడవలెనని సంఘనాయకులును బోధకులును 1919లో వాషింగ్టనులో కూడి మనసు విప్పి మాటలాడుకొనిరి. ఆ సంభాషణల వ్రాతప్రతి మూలబడి, 1974లో గాని బయటపడలేదు. 1982లో వాల్టరు రే అను బోధకుడు ఒక గ్రంథము ప్రకటించి, ఆమె ఇతర గ్రంథకర్తల మాటలను విస్తారముగా వాడుకొనిరని చూపెను. సంఘమే నియమించిన పండితుడు క్రీస్తు జీవితమునుగూర్చిన ఆమె గ్రంథమును ఏండ్లకొలది పరిశోధించి, అందులో ఇతరుల పుస్తకముల వాడుక నిజమేనని 1988లో తెలిపెను. అనేకుల మనస్సులు కలతపడెను. ఆమె ప్రతి పదమును ఆకాశమునుండి దిగినదిగా ఎంచినవారికి కాళ్లక్రింద నేల కదలెను. ఆమె వ్రాతలను వాక్యమువైపు చూపు వ్రేలుగా ఎంచినవారికి చూపబడిన వాక్యము చెక్కుచెదరక నిలిచియున్నది.

ఆ సంఘము తన ఒప్పుకోలునే దిద్దుకొనినది. 1980లో డల్లాసులో వ్రాసికొనిన మూలవిశ్వాసములలో ఆమె వ్రాతలు సత్యమునకు ప్రామాణికమైన మూలమను మాట యుండెను. 2015లో శాన్ ఆంటోనియో మహాసభ ఆ మాట తీసివేసి, అవి ప్రవచనాధికారముతో పలుకుచున్నవని మాత్రము ఉంచెను. సమస్త బోధకును బైబిలే ఒరగల్లు అను మాట రెండిటిలోను కలదు. ఒప్పుకోలును దిద్దుట మంచిదే. అలవాటును దిద్దుట కష్టము. బైబిలు పాఠములో ఒకరు లేచి అమ్మగారు ఇట్లు వ్రాసిరని చెప్పగానే అందరును తమ బైబిళ్లు మూసికొనినయెడల, కాగితముమీద ఏమి వ్రాసియున్నను అక్కడ న్యాయాధిపతి ఎవరు?

సహోదరులారా, వారిని చూచి మనము తల ఎగురవేయ నవసరము లేదు. ప్రవక్త్రి లేని సంఘములలోను మా మిషనెరీ దొరగారు ఇట్లు చెప్పిరనియు, మా పెద్దయ్యగారు ఇట్లు నేర్పిరనియు బైబిళ్లు మూయువారు లేరా? సిద్ధముగా నున్న జవాబు వెదకి తెచ్చుకొనిన జవాబుకంటె సులువు. మన సోమరితనమునకు మనము భక్తి అని పేరు పెట్టుచున్నాము. యూదానుండి వచ్చిన దైవజనుని జ్ఞాపకము చేసికొనుడి. రొట్టె తినకుము, నీళ్లు త్రాగకుము అని దేవుడు అతనికి స్పష్టముగా చెప్పియుండెను. ముసలి ప్రవక్త యొకడు, దూత తనకు వేరుగా చెప్పెనని కల్లలాడి పిలిచెను. నెరసిన తలను, ప్రవక్తయను పేరును చూచి అతడు నమ్మెను. త్రోవలో సింహము అతని చంపెను. తాను ముందు పొందిన వాక్యముతో ఈ క్రొత్త మాటను సరిచూచుకొనియుంటే బ్రతికియుండును.

అట్లని పరీక్షించుట అనగా తృణీకరించుట కాదు. అపొస్తలుడు ప్రవచనములను తోసివేయవద్దనియు, అన్నిటిని పరీక్షింపవలెననియు ఒక్కచోటనే చెప్పెను. బెరయవారు పౌలు మాటను ఆసక్తితో విని, ప్రతిదినము లేఖనములతో పోల్చి చూచిరి. దానికి పౌలు కోపగించినట్లు వ్రాయబడలేదు. వారు ఘనులని లూకా వ్రాసెను.

చదువు రాని అవ్వ సయితము ఈ పని చేయగలదు. ఎవరైనను ఒక క్రొత్త బోధతోగాని దర్శనముతోగాని మీ గ్రామమునకు వచ్చినప్పుడు వినయముగా ఇట్లు అడుగుడి: అయ్యా, ఇది ఏ అధ్యాయము, ఏ వచనము? దాని ముందుమాటను వెనుకమాటను కూడ చదివి వినిపించుడి. నిజముగా దేవుడు పంపినవాడైతే ఆ ప్రశ్నకు సంతోషించి బైబిలు తెరచును. కోపగించి మూయించువానియొద్ద జాగ్రత్తగా ఉండుడి.

తన వాక్యమును వెదకు ఓపికను, దానికి లోబడు మనస్సును ప్రభువు మనకందరికి దయచేయునుగాక.